టెక్నోకి రంగు లేదట!

మొన్న వేసవిలో మా బావమరిది బెర్లిన్ నుంచి వచ్చాడు. మేం ఉండేది మిషిగన్‌లో, కాంటన్ అనే ఊళ్ళో. డెట్రాయిట్ కార్ల కంపెనీలను నమ్ముకుని వచ్చిన తెలుగువాళ్ళం ఈ చుట్టుపక్కల చాలామందిమే ఉన్నాం. ఆదివారం సాయంత్రం పెరట్లో నలుగురం కూర్చున్నప్పుడు అతను ఫోన్లో ఏదో పాట పెట్టి, "అసలు సిసలు జర్మన్ సరుకు బావా ఇది. టెక్నో అంటేనే జర్మన్లది. యునెస్కో కూడా ఒప్పేసుకుంది" అన్నాడు. పక్కనున్నాయన ఊరుకోలేదు. "జర్మన్లదేంటండీ! ఎనభై రెండులోనే మన బొంబాయి సర్దార్జీ ఒకాయన రాగాలు పెట్టి చేసేశాడు, వాట్సాప్‌లో చూళ్ళేదా?" అన్నాడు. మూడో ఆయన ఊరి పెద్దలా గొంతు సవరించుకుని, "మిషన్లు వాయించే సంగీతానికి దేశమేంటి, జాతేంటి, వదిలేద్దురూ" అని తీర్పు చెప్పాడు.

మేం కూర్చున్న పెరటికి పది మైళ్ళ దూరంలో బెల్‌విల్ అనే చిన్న ఊరుంది. హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి కుర్రాళ్ళు ఆ ఊరి హైస్కూల్లోనే చదువుకున్నారు. టెక్నో చరిత్ర తెలిసినవాళ్ళు వాళ్ళని బెల్‌విల్ త్రయం అంటారు. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు బిర్యానీ వచ్చింది. ఇక ఎవరూ వినలేదు. అందుకే రాస్తున్నాను.

యునెస్కో సంగతి ముందు తేల్చేద్దాం, అది సులువు. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో సంస్కృతికి గుర్తింపు దక్కిన మాట నిజమే. దక్కింది ఎక్కడ? తమ దేశంలో సజీవంగా ఉన్న ఆచారాలనూ కళలనూ జర్మన్లు నమోదు చేసుకునే సొంత జాబితాలో. ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ఖరారు చేసే జాబితా వేరు. పైగా జర్మన్ల ఆ జాబితాలో రొట్టెల సంస్కృతి కూడా 2014 నుంచి ఉంది. రొట్టెను కనిపెట్టింది జర్మన్లేనని దాన్ని చూసి ఎవరైనా అనుకున్నారా? బెర్లిన్‌లో క్లబ్బులున్నాయి, వాటి చుట్టూ ఒక బతుకుతీరు ఉంది, కాపాడుకుందామనుకున్నారు. మంచిదే. అది పెంపకానికి దక్కిన మెప్పు. పుట్టుకకు ధ్రువపత్రం కాదు.

పుట్టుక సంగతి వేరు. 1950లో డెట్రాయిట్ జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు. 1980కి పన్నెండు లక్షలకు పడిపోయింది. తెల్లవాళ్ళు శివార్లకు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో నూటికి అరవై మూడు మంది నల్లవాళ్ళు. 1967 జులైలో అల్లర్లలో నగరం తగలబడింది, 43 మంది చనిపోయారు. ఊరికి పేరు తెచ్చిన మోటౌన్ రికార్డు కంపెనీ 1972లో లాస్ ఏంజెలిస్‌కి మకాం మార్చేసింది. ఫ్యాక్టరీల్లో మనుషులు చేసే పని రోబోల చేతికి వెళ్ళడం మొదలైంది. అలాంటి ఊళ్ళో, 1962లో పుట్టిన హువాన్ ఆట్కిన్స్, వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చిన రిక్ డేవిస్ అనే మరో నల్లజాతి మనిషితో జతకట్టి సైబోట్రాన్ పేరుతో 1981లో 'ఆలీస్ ఆఫ్ యువర్ మైండ్' రికార్డు తీశాడు. ఏ పెద్ద కంపెనీ అండా లేదు. సొంతంగా అచ్చేయించుకుని ఊళ్ళోనే అమ్ముకున్నారు. 1985లో ఆట్కిన్స్ మెట్రోప్లెక్స్ అనే సొంత లేబుల్ పెట్టి, మోడల్ 500 అనే మారుపేరుతో 'నో యూఎఫ్‌ఓస్' వదిలాడు. 1987లో డెరిక్ మే 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్', మరుసటి ఏడు కెవిన్ సాండర్సన్ 'బిగ్ ఫన్' వచ్చాయి. 1988లో ఈ ఊరి పాటలు కలిపి బ్రిటన్‌లో ఒక సంకలనం వేశారు. షికాగోలో నల్లవాళ్ళ క్లబ్బుల్లో అప్పటికే పుట్టి ఉన్న హౌస్ సంగీతానికి ఇది డెట్రాయిట్ తమ్ముడనుకుని దానికీ హౌస్ అన్న పేరే పెట్టబోయారు. ఆట్కిన్స్ ఇచ్చిన పాట పేరు 'టెక్నో మ్యూజిక్'. దాన్ని చూసి సంకలనం పేరు మార్చారు. ప్రపంచానికి ఈ సంగీతం టెక్నోగా పరిచయమైంది అలా. ఇంకా బెర్లిన్ గోడ కూలలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. 'టెక్నో' అన్న మాట జర్మనీలో అంతకుముందే వాడుకలో ఉందంటారు. ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రికార్డుల కొట్టులో 1980ల మొదట్లోనే ఎలక్ట్రానిక్ పాటలున్న అరకు ఆ పేరు తగిలించారు. ఆ అరలో ఉన్నవేమిటి? డెపెష్ మోడ్, న్యూ ఆర్డర్ అనే బ్రిటిష్ బృందాలు, క్రాఫ్ట్‌వెర్క్. జాడీ మీద ఆవకాయ అని రాసి లోపల మాగాయ పెట్టినట్టు. పేరు దొరికిన చోటల్లా సరుకు దొరకదు. ఆట్కిన్స్ ఆ మాటను తెచ్చుకున్నది ఆల్విన్ టాఫ్లర్ 1980లో రాసిన 'ది థర్డ్ వేవ్' చదివి.

అసలు చిక్కుముడి క్రాఫ్ట్‌వెర్క్. డ్యూసెల్‌డార్ఫ్‌కి చెందిన ఈ జర్మన్ బృందం లేకపోతే టెక్నో లేదన్నది ఎదుటివాళ్ళ బ్రహ్మాస్త్రం. డెట్రాయిట్ వాళ్ళే ఒప్పుకున్నారు చూడండి అంటారు. డెరిక్ మే ఒకసారి చమత్కారంగా అన్నాడు కూడా: జార్జ్ క్లింటన్, క్రాఫ్ట్‌వెర్క్ ఒకే లిఫ్టులో ఇరుక్కుపోయి, చేతిలో స్వరాలను వరసగా వాయించే ఒక్క సీక్వెన్సర్ యంత్రం తప్ప ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో టెక్నో అలా ఉంటుందని. ఈ మాటను ఎత్తి చూపేవాళ్ళ నోట లిఫ్టులోంచి జార్జ్ క్లింటన్ ఎప్పుడు దిగిపోతాడో తెలీదు, చివరికి క్రాఫ్ట్‌వెర్క్ ఒక్కటే మిగులుతుంది. క్లింటన్ నడిపిన పార్లమెంట్-ఫంకడెలిక్ ఎక్కడిది? తమ రికార్డుల్లో చాలావాటిని డెట్రాయిట్ స్టూడియోల్లోనే చేసిన నల్లజాతి బృందం. 1970ల చివర్లో వాళ్ళ 'ఫ్లాష్ లైట్' పాటలో బర్నీ వారెల్ సింథసైజర్ మీద వాయించిన బేస్ వినండి. టెక్నోకి నడుం ఎక్కడిదో తెలుస్తుంది. ఇంకా వెనక్కి వెళితే, మిషిగన్ బిడ్డ స్టీవీ వండర్ 1972లోనే సింథసైజర్లతో రెండు ఆల్బమ్‌లు నింపాడు. క్రాఫ్ట్‌వెర్క్ 'ఆటోబాన్' వచ్చింది 1974లో. యంత్రంతో పాట పలికించడం నల్లవాళ్ళకి జర్మన్లు నేర్పిన విద్య కాదు.

క్రాఫ్ట్‌వెర్క్ డెట్రాయిట్ చేరిందెలాగో కూడా చూడాలి. ఎలక్ట్రిఫయింగ్ మోజో అని ఒక రేడియో మనిషి ఉండేవాడు. అసలు పేరు చార్ల్స్ జాన్సన్. జనానికి మొహం చూపించేవాడు కాదు. నల్లవాళ్ళ సొంత స్టేషనైన డబ్ల్యూజీపీఆర్‌లో 1977 నుంచి రాత్రుళ్ళు కార్యక్రమం నడిపాడు. ఏదో అంతరిక్ష నౌక ఊరి మీద దిగుతున్నట్టు మొదలుపెట్టి, పార్లమెంట్ పక్కన క్రాఫ్ట్‌వెర్క్, నల్లజాతి గాయకుడు ప్రిన్స్ పక్కన తెల్లవాళ్ళ బృందం బీ-52స్ వేసేవాడు. ఏ పాట ఏ జాతి వాళ్ళు వినాలో రేడియో కంపెనీలు గీసి పెట్టిన గీతలని అతను లెక్కచేయలేదు. బెల్‌విల్ కుర్రాళ్ళు ఆ కార్యక్రమాన్ని పాఠంలా విన్నారు. సైబోట్రాన్ తొలి రికార్డును గాలిలోకి ఎక్కించిందీ అతనే. అంటే డ్యూసెల్‌డార్ఫ్ పాట డెట్రాయిట్‌కి ఒక నల్లవాడి చెవిని దాటుకుని, నల్లవాళ్ళ స్టేషన్ మీదుగా వచ్చింది. వచ్చినదాన్ని ఏం చేయాలో నిర్ణయించుకున్నదీ వాళ్ళే. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఆఫ్రికా బంబాటా అదే క్రాఫ్ట్‌వెర్క్ బాణీని 1982లో 'ప్లానెట్ రాక్'గా మార్చాడు. దాన్ని హిప్‌హాప్ అంటారు తప్ప జర్మన్ సంగీతం అనరు. డెట్రాయిట్ దగ్గరికి వచ్చేసరికే ఈ లెక్క ఎందుకు మారుతుంది?

ఇంకో సంగతి. క్రాఫ్ట్‌వెర్క్‌లో డ్రమ్స్ వాయించిన కార్ల్ బార్టోస్ తాము అమెరికన్ సోల్ పాటలకీ మోటౌన్‌కీ జేమ్స్ బ్రౌన్‌కీ వీరాభిమానులమని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. మోటౌన్ అంటే డెట్రాయిట్. అప్పు చిట్టా తీస్తే అటునుంచి కూడా తీయాలి.

మనకైతే ఈ విషయంలో గందరగోళం ఉండకూడదు. ఫిడేలు యూరప్‌లో పుట్టింది. బాలుస్వామి దీక్షితులు దాన్ని మద్రాసులో యూరోపియన్ల దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయిస్తుంటే విన్నవాళ్ళెవరూ ఇది ఇటలీ సంగీతమని లేచిపోలేదు. ముత్తుస్వామి దీక్షితులు తెల్లవాళ్ళ బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. ఆయన్ని యూరోపియన్ వాగ్గేయకారుడని ఎవరైనా రాస్తే ఊరుకుంటామా? పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తన పలికిస్తే చేతులెత్తి దండం పెట్టాం. పద్య నాటకంలో హార్మోనియం మోగకపోతే పద్యమే లేవదు. ఆ పెట్టెకు పుట్టిల్లు పారిస్. విన్నదీ వాడిందీ పరాయిదైనా చేసింది మనదేనని మన విషయంలో ఒప్పుకునే మనం, నల్లవాళ్ళ విషయానికొచ్చేసరికి యంత్రం మీద ముద్ర చూస్తాం. ఆ ముద్ర ప్రకారమే వెళ్ళినా టెక్నో జర్మన్లది కాదు. దాని గుండె కొట్టుకున్న 808, 909 డ్రమ్ యంత్రాలు జపాన్ కంపెనీ రోలాండ్ చేసినవి.

తరవాత, టెక్నో కర్తలే జాతి ముద్ర వద్దన్నారు కదా అంటారు. దానికి సాక్ష్యంగా ఆట్కిన్స్ 1988లో అన్న మాటను తెస్తారు: బెరీ గోర్డీ సంగీతం కన్నా ఫోర్డ్ కంపెనీ రోబోల మీదే తనకు ఆసక్తి ఎక్కువని. గోర్డీ మోటౌన్ స్థాపకుడు. చూశారా, నల్లవాళ్ళ సంప్రదాయాన్ని స్వయంగా కాదన్నాడు అని ముగిస్తారు. నాకు ఆ మాట నూటికి నూరుపాళ్ళు డెట్రాయిట్ నల్లవాడి మాటలాగే వినిపిస్తుంది. గోర్డీ పాటల కంపెనీ పెట్టకముందు లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేశాడు. లైను మీద కారు తయారైనట్టే తన దగ్గర పాట తయారవాలని అక్కడే నేర్చుకున్నాడు. తండ్రుల తరం లైను చూసి పాట కడితే, కొడుకుల తరం ఆ లైను మీద తండ్రుల చోటులో నిలబడ్డ రోబోను చూసి పాట కట్టింది. ఫోర్డ్ రోబో బెర్లిన్ కుర్రాడికి పత్రికలో బొమ్మ. ఇక్కడి కుర్రాడికి అది ఇంట్లో జీతం ఆగిపోయిన కారణం. నేనూ కార్ల కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదే బతుకుతున్నాను, ఆ రోబోల వైపు నిలబడినవాణ్ణే. కాబట్టి ఈ మాట కాస్త సిగ్గుతోనే రాస్తున్నాను.

ముద్ర వద్దని వాళ్ళలో కొందరు నిజంగానే కోరుకున్నారు. నల్లవాడంటే బ్లూస్ పాడాలి, బాధ చెప్పుకోవాలి అన్న కంచెను దాటి అంతరిక్షం గురించీ భవిష్యత్తు గురించీ మాట్లాడాలనుకున్నారు. కంచె దాటాలనుకున్నవాడి కోరికను అడ్డం పెట్టుకుని వాడి ఇల్లు వేరేవాళ్ళ పేర రాయించడం ఏ న్యాయం?

ఇప్పుడు టెక్నో వినేదంతా తెల్లవాళ్ళే కదా అన్నది ఇంకో వాదన, అన్నిటిలోకీ బలహీనమైనది. డెట్రాయిట్‌లో టీవీ చూసినవాళ్ళకి ఇది నవ్వులాట. డబ్ల్యూజీపీఆర్ వాళ్ళ 62వ ఛానెల్ అమెరికాలో నల్లవాళ్ళు సొంతంగా పెట్టుకున్న తొలి టీవీ స్టేషన్. అందులో 'ది సీన్', తరవాత 'ది న్యూ డాన్స్ షో' అని కార్యక్రమాలు వచ్చేవి. నల్లజాతి అబ్బాయిలూ అమ్మాయిలూ వరసలో నిలబడి, మధ్యలో దారి వదిలి, జంటలు జంటలుగా ఈ పాటలకే ఆడుతూ వచ్చేవాళ్ళు. ఆ వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. చూడండి. టెక్నో అంటే నల్ల టీషర్టు వేసుకుని చీకట్లో తల ఊపడమే అనుకునేవాళ్ళకి ఆ రంగుల బట్టలూ ఆ నవ్వులూ ఆ భుజాల విరుపూ చూశాక అనుమానం మిగలదు.

బెర్లిన్‌కి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. గోడ కూలాక తూర్పు బెర్లిన్‌లో పాడుబడ్డ భవనాల్లో యువత ఈ సంగీతాన్ని నెత్తిన పెట్టుకుంది. 1991లో ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ కింది ఇనప ఖజానా గదిలో ట్రెజోర్ క్లబ్ తెరిచారు. ఆ పేరుతో వచ్చిన లేబుల్ తొలి రికార్డు ఎవరిది? డెట్రాయిట్ నుంచి మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్, రాబర్ట్ హుడ్ నడిపిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ళది. 1993లో అదే లేబుల్ బెర్లిన్-డెట్రాయిట్ పొత్తు అని పేరు పెట్టి ఒక సంకలనమే వేసింది. ఆ బెర్లిన్ తరం తమ గురువులెవరో ఎన్నడూ దాచలేదు. సొంత ఊళ్ళో పట్టించుకునే పెద్ద కంపెనీ లేని డెట్రాయిట్ కళాకారులకి అక్కడ పనీ డబ్బూ మర్యాదా దొరికాయి. మరచిపోవడం తరవాత వచ్చినవాళ్ళ పని.

మరుపు ఒక్కటే అయితే ఇంత ఘాటుగా రాయనవసరం లేదు. 1999లో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ నుంచి డీజే రొలాండో పాట ఒకటి క్లబ్బుల్ని ఊపేసింది. రొలాండో డెట్రాయిట్‌లోని మెక్సికన్ కుటుంబం పిల్లవాడు. సొంతదారులు ఒప్పుకోకపోయినా సోనీ కంపెనీ జర్మనీ శాఖ ఆ బాణీనే స్వరం స్వరం దించి మరొకరి చేత చేయించింది. అభిమానులు గోల చేస్తే వెనక్కి తగ్గింది. వెంటనే బీఎంజీ అనే మరో రికార్డు కంపెనీ అందుకుంది. టెక్నో ఎవరిదన్న ప్రశ్న పాండిత్య చర్చ కాదనడానికి ఇది చాలు. ఎవరిది అన్నదాన్ని బట్టే చెక్కు ఎవరి పేర రాయాలో తేలుతుంది. ఈ కథలో ఇంకోటి కూడా ఉంది: నల్లవాళ్ళ సంగీతం అన్నంత మాత్రాన గుమ్మానికి తాళం వేసినట్టు కాదు. పక్కవీధి మెక్సికన్ పిల్లవాడికి ఆ ఇంట్లో చోటుంది. చోటు ఇచ్చేవాళ్ళుండాలంటే ముందు ఇల్లు వాళ్ళదని ఒప్పుకోవాలి.

ఇక మన బొంబాయి సర్దార్జీ. చరణ్‌జిత్ సింగ్ గారంటే నాకు అపారమైన గౌరవం. హిందీ సినిమా వాద్య బృందాల్లో పనిచేసిన ఆయన 1982లో రోలాండ్ యంత్రాలు మూడు ముందేసుకుని పది రాగాలు వాయించి రికార్డు చేశారు. భైరవ్, తోడి, యమన్, మాల్కౌన్స్ అన్నీ ఉన్నాయి. వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఐదేళ్ళ తరవాత షికాగో నుంచి ఫ్యూచర్ బృందం వదిలిన 'యాసిడ్ ట్రాక్స్'తో పోలిక నిజంగానే ఉంది. రెండింటిలోనూ మెలికలు తిరిగేది రోలాండ్ 303 బేస్ యంత్రమే. కానీ ఆయన రికార్డు అప్పట్లో అమ్ముడుపోలేదు. 2010లో ఒక డచ్ లేబుల్ మళ్ళీ తీసుకొచ్చేదాకా మనకే తెలీదు. మనమే వినని పాటను షికాగో నల్లకుర్రాళ్ళు విని నేర్చుకున్నారా? పోలిక వేరు, వంశం వేరు. అసలు ఆ ఆల్బమ్ పేరు చూడండి: 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. డిస్కో ఎవరిది? న్యూయార్క్‌లో నల్లవాళ్ళూ లాటినోలూ స్వలింగ ప్రేమికులూ కలిసి ఆడిన క్లబ్బులది. ఆ పెద్దాయన అప్పు తీర్చినట్టు అట్ట మీదే రాశారు. 2015లో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పి వాట్సాప్‌లో జెండా ఎగరేసేవాళ్ళు అట్ట కూడా చదవలేదు.

మూడో పెద్దమనిషి తీర్పు మిగిలింది. మిషన్ల సంగీతానికి జాతేంటి? ఈ మాట నాకు బాగా పరిచయం. మన ఊళ్ళలో కళకు కులం లేదంటారు. తరతరాలుగా చావు ముందూ జాతర ముందూ డప్పు కొట్టింది మాదిగలు. డప్పు అంటరానిదైనంత కాలం దానికి కులం ఉంది. పెళ్ళి ఊరేగింపులో, సినిమా పాటలో, విదేశాల్లో మన సంఘాల వేడుకల్లో అందరికీ ముద్దొచ్చాక కులం ఎగిరిపోయింది. వాద్యం అందరిదైంది, అవమానం మాత్రం ఎవరిది వాళ్ళకే ఉండిపోయింది. కళకు కులం లేదన్న మాట డప్పు కొట్టినవాడి నోట ఎంత అరుదుగా వస్తుందో గమనించారా? టెక్నోకి రంగు లేదన్న మాట కూడా అంతే.

వచ్చే వేసవికి మళ్ళీ వస్తానన్నాడు బావమరిది. డెట్రాయిట్‌లో గ్రాండ్ బులేవార్డ్ అని ఊరిని చుట్టి వచ్చే రోడ్డుంది. పడమటి భాగంలో 2648 నంబరు ఇల్లు మోటౌన్ పుట్టిన చోటు. తూర్పు భాగంలో 3000 నంబరు భవనంలో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ళు పెట్టిన టెక్నో మ్యూజియం ఉంది. రెండూ ఒకే రోడ్డు మీద. మన తెలుగువాళ్ళు మోటౌన్ దాకా చుట్టాల్ని తీసుకెళ్ళి ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఈసారి కారు వెనక్కి తిప్పకుండా తూర్పు వైపు కూడా పోనివ్వండి. ముందుగా కబురు చేసి వెళ్ళాలి.